సోమం పుట్టగొడుగేనా?

అమనిటా మస్కేరియా చలిదేశాల అడవుల్లో మొలిచే పుట్టగొడుగు. పైన్, స్ప్రూస్ వంటి సూదాకుల చెట్ల వేళ్లతోనూ, బర్చ్ వేళ్లతోనూ పెనవేసుకుని బతుకుతుంది. చెట్టు దీనికి చక్కెరలిస్తుంది. ఇది చెట్టుకు నేలలోని నీటిని, ఖనిజాలను అందిస్తుంది. ఎర్రని గొడుగు మీద తెల్లని పొక్కులు దీని గుర్తు. ఇది విషపూరితం. ఇందులోని మస్సిమాల్ మెదడు మీద పనిచేసి మత్తును, భ్రాంతిని కలిగిస్తుంది. సైబీరియాలో కొర్యాక్ వంటి తెగలవారు దీన్ని మత్తు కోసం తినేవారు.

ఋగ్వేద సోమం ఈ పుట్టగొడుగేనని 1968లో అమెరికన్ పరిశోధకుడు గోర్డన్ వాసన్ ప్రతిపాదించాడు. వేదంలో సోమం ఓషధి, పానీయం, దేవత కూడా. 9వ మండలంలోని 114 సూక్తాలు పవమాన సోముణ్ణి, అంటే వడపోతలో శుద్ధి అవుతున్న సోముణ్ణి కీర్తిస్తాయి. సోమం కొండల్లో పుడుతుందని వేదం చెబుతుంది కానీ దాని వేరు, ఆకు, పువ్వు, విత్తనాల ఊసెత్తదని వాసన్ వాదన.

దీనికి అభ్యంతరాలు వచ్చాయి. సంస్కృత పండితుడు జాన్ బ్రఫ్ 1971లో ఈ వాదాన్ని ఖండించాడు. 1989లో హ్యారీ ఫాల్క్ సోమపానం మెలకువను, ఉత్సాహాన్ని ఇచ్చేదని చూపి, అది ఎఫిడ్రా అనే పొద అన్నాడు. అమనిటా తరచు మగతలోకి దించుతుంది. జొరాస్ట్రియన్లు సోమానికి సాటి అయిన తమ హవోమ క్రతువులో నేటికీ ఎఫిడ్రానే వాడుతున్నారు.

ఇది వృక్షశాస్త్రం తేల్చవలసిన సంగతి. దీని వెనుక మరో ప్రశ్న ఉంది: మొక్క ఏదో తెలిస్తే దేవత గుట్టు విడిపోయినట్టేనా? ఋషి దర్శనమంతా ఒక రసాయనం చేసిన పనేనా?

సంప్రదాయం పదార్థాన్నీ దైవాన్నీ ఒకటిగా కట్టేయలేదు. మొక్కను దంచి తాగినవాడు సోమం తాగాననుకుంటాడనీ, జ్ఞానులెరిగిన సోమాన్ని ఎవరూ తినలేరనీ ఋగ్వేదం 10వ మండలమే చెబుతుంది. అసలు సోమం దొరకనప్పుడు పూతిక అనే మొక్కను పిండవచ్చని బ్రాహ్మణ గ్రంథాలు అనుమతించాయి. ఇలాంటి బదులు ద్రవ్యాన్ని వైదిక విధులను విచారించే మీమాంసకులు ‘ప్రతినిధి’ పేరుతో చర్చించారు. మహిమంతా మొక్కలోనే ఉంటే, మొక్క మారగానే యాగం చెల్లకుండా పోవాలి. మత్తు అనుభవానికి కారణం కావచ్చు. ఆ అనుభవానికి అర్థం ఇచ్చేది మంత్రం, విధి, శ్రద్ధ.

మొక్క మారినా యాగం చెల్లుతుందన్న ఈ తీర్పు గోదావరి డెల్టాలో, యజ్ఞాగ్నులను నిలిపి కాపాడే ఆహితాగ్నుల ఇళ్లలో ఆచరణగా నిలిచింది. దక్షిణాది సోమయాగాల్లో పిండేది సోమలత అని పిలిచే ఆకులేని తీగ. దానితో యాగం చేసినవారూ సోమయాజులే.