రోగి కోరినది, వైద్యుడు చెప్పినది

మా సాయంకాలపు తెలుగు తరగతిలో నేర్చుకున్న సామెతల్లో ఒకటి: “రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే.” ఇద్దరి మాటా అనుకోకుండా కలిసినప్పుడు పెద్దలు ఇలా అనేవారు. ఆలోచించి చూస్తే ఈ సామెతలో కొంత విచారం కూడా ఉన్నది. ఆ కలయిక అరుదు కనుకనే అది సామెత అయింది. వైద్యుడు ముందుగానే రోగిని అడిగి ఉంటే అదృష్టంతో పని ఏమిటి? వైద్యశాల ఎలా నడవాలో నిర్ణయించే వేళ రోగి మాట వినడం వైద్యశాల చూపే దయా, లేక రోగికి చెల్లవలసిన బాకీయా? హెచ్.ఐ.వి. వ్యాధి ఎన్నో ఇళ్లను తాకిన క్వాజూలు-నేటాల్‌లో నివసించే మనకు ఇది దూరపు ప్రశ్న కాదు.

ఈ వ్యాధికి నేడు మంచి మందులున్నాయి. వాటిని క్రమం తప్పక వాడి, రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గించుకున్నవారు సహజమైన ఆయుష్షుతో జీవించగలరు. దాంపత్యం ద్వారా ఆ వ్యాధి మరొకరికి సోకదు. అయితే ఆ మాత్రను ప్రతిదినమూ, జీవితాంతమూ వేసుకోవాలి. వైద్యుడో, నర్సో రోగిని చూసేది కొన్ని నెలలకొకసారి, కొన్ని నిమిషాలు. మిగిలిన దినాలన్నిటా ఆ రోగికి తానే పరిచారకుడు. రాత్రి పాళీలో పనిచేసేవాడు మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? అత్తవారింట్లో మందుసీసా ఎక్కడ దాచాలి? క్లినిక్‌కు పోవడానికి ఒక దినపు కూలి వదులుకుంటే ఆ నెల అద్దె ఎలా కట్టాలి? ఈ ప్రశ్నలకు జవాబు పాఠ్యగ్రంథాలలో దొరకదు. అది తెలిసినవారు క్లినిక్ బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

మన ప్రాచీన వైద్యం ఈ సంగతిని ఎరుగును. చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన నాలుగు గుణాలను కూడా అది లెక్కించింది. జ్ఞాపకశక్తి, వైద్యుని ఆదేశాన్ని పాటించడం, భయపడకపోవడం, తన వ్యాధి స్థితిని చక్కగా తెలియజెప్పగలగడం. వీటిలో రెండవదానినే మనం పట్టుకున్నాము. మంచి రోగి అంటే చెప్పినట్లు వినేవాడని పిల్లలకు నేర్పాము. నాలుగవ గుణాన్ని మరిచాము. చెప్పగల రోగి కావాలంటే వినగల చెవి కూడా కావాలి కదా!

తమ మాట తామే చెప్పుకొనే హక్కును ఈ వ్యాధిగ్రస్తులు అడిగి సాధించుకున్నారు. 1983లో అమెరికాలోని డెన్వర్ నగరంలో కొందరు రోగులు సమావేశమై, తమను బాధితులని పిలవవద్దనీ, తమ విషయంలో జరిగే ప్రతి నిర్ణయంలోనూ తమకు పాలు ఉండాలనీ ప్రకటించారు. 1994 డిసెంబరు 1న పారిస్‌లో 42 దేశాలు ఆ సూత్రాన్ని అంగీకరించాయి. మన దేశంలో 1998 డిసెంబరు 10న ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ పుట్టింది. ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు నెవిరపిన్ మందు ఇవ్వాలని వారు న్యాయస్థానానికి వెళ్లగా, 2002 జూలై 5న రాజ్యాంగ న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. నేడు మన దేశంలో 50 లక్షలకు పైగా ప్రజలు ఈ చికిత్స పొందుతున్నారు. “అడగందే అమ్మైనా పెట్టదు” అంటాము. వారు అడిగారు.

ఇది మన పూర్వికుల చరిత్రకు కొత్త కాదు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుండి మనవారిని డర్బన్ రేవుకు తెచ్చింది. గిర్మిట్ ముగించుకొని 1871లో మద్రాసు చేరిన తొలి బృందం, చెరకు తోటలలో తాము పడిన బాధలను అక్కడి అధికారులకు విన్నవించింది. అవి విచారించనిదే మరల కూలీలను పంపడానికి భారత ప్రభుత్వం సమ్మతించలేదు. 1872లో విచారణ సంఘం కూర్చున్నది; వలస భారతీయుల సంరక్షకుడనే అధికారిని నియమించారు. అయితే ఆ సంరక్షకుని పీఠం మీద ఒక్క గిర్మిట్ కూలీ కూర్చోలేదు. సంరక్షకుడున్నాడు, సంరక్షణ పొందేవారికి మాత్రం అక్కడ కుర్చీ లేదు. ఇతరులు మన తరఫున మాట్లాడడానికీ, మనమే మాట్లాడడానికీ మధ్యనున్న అంతరం ఎరిగిన వంశాలు మనవి.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణలు ఉన్నాయి. మందు మోతాదును చేతులెత్తి నిర్ణయించగలమా? లేము, అది చదువుకున్నవారి పని. కాని క్లినిక్ ఏ గంటకు తెరవాలి, వరుస ఎలా నిలపాలి, పేరు ఎలా పిలవాలి అన్నవి మోతాదులు కావు. కేప్‌టౌన్‌లోని ఖయెలిత్షాలో, ఆరోగ్యం కుదుటపడిన రోగులు కేవలం మాత్రల కొరకు గంటల తరబడి కాచుకునేవారు. 2007లో అక్కడ సుమారు 30 మంది చొప్పున బృందాలు ఏర్పరచి, రెండు నెలలకొకసారి కలుసుకొని, ముందే కట్టిన మందుల పొట్లాలు తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు. ఆ బృందాన్ని నడిపించేవారు డాక్టరు కాదు, శిక్షణ పొందిన సామాన్యులు. మందు మారలేదు, అది చేతికందే దారి మారింది.

రెండవ ఆక్షేపణ ఇంకా బరువైనది. అనారోగ్యంతో ఉన్నవారి మీద కమిటీ భారం కూడా మోపవచ్చునా? బలవంతంగా మోపరాదు. మాట్లాడడం హక్కు కావాలి, సుంకం కాకూడదు. ఒక్క రోగిని అలంకారంగా కూర్చోబెట్టి, అతని మాటను మినిట్స్‌లో కూడా వ్రాయకపోవడం అడగకపోవడం కన్న అధ్వాన్నం.

పదవీ విరమణ తరువాత మేము కొంతకాలం ఒక క్లినిక్ కమిటీలో సభ్యులుగా ఉన్నాము. 2003 నాటి జాతీయ ఆరోగ్య చట్టం ఇటువంటి కమిటీలను ఏర్పరచమన్నది. స్థానిక కౌన్సిలరూ, క్లినిక్ అధిపతీ, సమాజ సభ్యులూ అందులో ఉండాలన్నది. ఒకనాడు ఒక యువతి లేచి, “మా ఫైలు అట్ట రంగు వేరు. సిస్టర్ నా పేరు పిలవకముందే హాలంతటికీ నా జబ్బు తెలిసిపోతుంది” అన్నది. ఆ రంగును ఎంచినవారికి దురుద్దేశం లేదు. కాగితాలు త్వరగా దొరకాలని ఎంచారు. ఉపాధ్యాయులమూ, కౌన్సిలర్లమూ ఎన్ని సమావేశాలు జరిపినా ఆ సంగతి మాకు తోచలేదు. మార్చడానికి కొత్త అట్టలు చాలాయి. అది చెప్పడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో మాత్రం కొలవలేము. 1998 డిసెంబరులో, మనకు కూతవేటు దూరంలోని క్వామషులో, తన వ్యాధిని బహిరంగంగా చెప్పిన గుగు డ్లమినిని జనం కొట్టి చంపారు. ఆ సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరువలేదు.

కనుక రోగి మాట బాకీయే అని మా అభిప్రాయం. ఆ బాకీ క్లినిక్ ఒక్కదానిదే కాదు, మనది కూడా. మన తెలుగు కుటుంబాలలో ఈ వ్యాధి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పరిచయస్థులు కనబడతారన్న భయంతో సొంత ఊరి క్లినిక్ విడిచి, రెండు టాక్సీలు మారి దూరానికి పోయేవారు మనలో ఉన్నారు. అలా పోయేవారు ఏ కమిటీలోనూ కూర్చోరు. పరువు పేరిట మనం మూయించిన నోరు అక్కడా తెరుచుకోదు. వారి అనుభవం లేకుండానే నిర్ణయాలు జరిగిపోతాయి.

మన చేతిలో ఉన్నది స్వల్పమే. పెండ్లి మాటలలోనూ, దినకర్మల వద్దనూ “ఏ జబ్బుతో పోయాడు?” అని ఆరా తీయడం మానవచ్చు. క్లినిక్ కమిటీ ఎన్నిక ప్రకటనను గుడి పలక మీద అతికించవచ్చు. మందుల బృందం ఏదైనా చోటు అడిగితే, వారమధ్యంలో ఖాళీగా ఉండే మన హాలును పేర్లు అడగకుండా ఇవ్వవచ్చు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మూడవ విషయాన్ని ప్రతిపాదించబోతున్నాము. బలపరచేవారు ఒకరు కావాలి.