దిగితేనే కనిపించే దేవుడు

దేవుడంటే ఎత్తులో ఉంటాడని మనకు అలవాటు. కురుమూర్తి గుట్ట ఎక్కాం, తిరుమల మెట్లెక్కాం. మోకాళ్లు ఎంత నొస్తే మొక్కు అంత గట్టిగా చెల్లినట్టు లెక్క. సలేశ్వరం లింగమయ్య దగ్గర ఈ లెక్క కుదరదు. అక్కడ ముందు దిగాలి.

వనపర్తిలో పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి రాళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. అమ్రాబాద్ వైపు నల్లమలలో సూదిలాంటి శిఖరాలు వెతికితే దొరకవు. పైన చాలామేర బల్లపరుపు నేల. కృష్ణ వైపు పారే వాగులు దాన్ని లోతుగా కోసేశాయి. అక్కడి గట్టి క్వార్ట్‌జైట్ రాయి తొందరగా అరగదు, నిలువు గోడలా నిలబడిపోతుంది. చైత్రమాసంలో పైన ఆకు రాల్చిన చెట్లు, ఎండుగడ్డి. నీళ్లు లోయ అడుగున. లింగమయ్య అక్కడే ఎందుకున్నాడని అడిగితే స్థలపురాణం కన్నా ముందు నాకు తోచే జవాబు ఇదే: అడవిలో బతికే చెంచులు నీళ్లున్న చోట దేవుణ్ణి చూసుకున్నారు.

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటాక ఫర్హాబాద్ గేటు. లోపలికి రాంపూర్ పెంట అనే చెంచు గూడెం మీదుగా బండి పోయినంత దూరం పోయి, ఆపైన నడక. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే జాతర. మిగతా కాలమంతా ఆ అడవి పులులది. బాట కొన్నిచోట్ల కొండ అంచున ఒక్క మనిషి పట్టేంత. కాలికింద రాయి జారితే ముందు నడిచేవాడి మడమకు తగులుతుంది. వస్తున్నామని లింగమయ్యకు కేకేస్తూ జనం దిగుతారు. గోడల మధ్య సన్నటి జలపాతం, దాని కింద గుండం, ఒళ్లు జలదరించే నీళ్లు. గుహలో లింగం. పూజారులు చెంచులే.

దర్శనమయ్యాక మొదలవుతుంది అసలు కష్టం. మిట్టమధ్యాహ్నం, అదే బాట పైకి. ఎదురుగా ఏ గోపురమూ లేదు, చూడాల్సింది చూసేశాం. మరి ఈ చెమట దేనికి జమ? కష్టం కూలి, దర్శనం జీతం అనుకుంటే ఇక్కడ జీతం ముందే చేతిలో పడింది. దేవుడి దయ మన కష్టంతో వస్తుందా, తనంతట వస్తుందా అనే తగవును వైష్ణవులు కోతిపిల్ల, పిల్లికూన అని రెండుగా చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకోవాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. సలేశ్వరం బాట చూశాక ఆ తగవులో నేను పిల్లికూన వైపు జరిగాను. శివుడి గుట్టలో వైష్ణవుల న్యాయమేమిటని ఎవరైనా అంటే అననీ.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది ఆ పూజారులు. వాళ్లకిది యాత్ర కాదు. మనం తపస్సనుకుంటున్న ఎగుడుదిగుడు వాళ్లకు ఊరి బాట. నడకే పుణ్యమైతే, లింగమయ్య ముంగిట్లోనే పుట్టిపెరిగిన చెంచు పిల్లకు పుణ్యం తక్కువా? ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. అంటే, నడకకూ ఆయన దయకూ మనం కట్టిన ముడి మన సంతోషానికే.

జర్మనీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. వాడు ఈమధ్యే హార్జ్ కొండల్లో బ్రోకెన్ ఎక్కాడట. 1,141 మీటర్లు, ఉత్తర జర్మనీలో అంతకన్నా ఎత్తు లేదు. అడవి బాటలు చాలానే ఉన్నా, నడవలేనివాళ్లకు పైదాకా పొగబండి ఉంది. "మామా, సలేశ్వరానికీ ఒక రోడ్డేస్తే అత్త కూడా చూసేది గదా" అన్నాడు.

మా ఆవిడ మోకాళ్లు ఆ దిగుడు దిగలేవు. నడిచినవాడికే దేవుడని ఆమె ముందు చెప్పగలిగేంత మూర్ఖుణ్ణి కాను. కానీ రోడ్డంటూ పడితే జాతర రోజులతో ఆగదు. ఏడాదంతా కార్లు, హోటళ్లు, ప్లాస్టిక్. పులి ఎటు పోవాలి, పెంటల్లో ఉన్నవాళ్లు ఎటు పోవాలి? రోడ్డు వద్దనడానికి నాకు ఈ కారణం చాలు, పుణ్యాన్ని అడ్డం పెట్టుకోనక్కర్లేదు. ఆమెకు అదే చెప్పాను. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరానికి పోదాం, శ్రీశైలానికి ఉత్తర ద్వారం, అక్కడా రాతి కిందే శివుడు, కొండ మీదికి బండి పోతుంది అన్నాను.

"నువ్వు మాత్రం రెండూ చూస్తివి" అంది. ఆ మాటకు నా దగ్గర ఏ న్యాయమూ లేదు. ఆదివారం అచ్చంపేట బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి.