యంత్రమునకు ధ్యానశ్లోకమేది?

దేవతామూర్తిని లిఖింపబూనిన చిత్రకారునకు ధ్యానశ్లోకమొకటి తోడుండును. భుజములెన్నియో, ఆయుధములేవియో కన్ను తెరవకమునుపే మనస్సున నిలిచియుండుటచే, అతడు చూచి వ్రాయునది స్వల్పము, తెలిసి వ్రాయునది అధికము. భీమవరపు గునుపూడిలోని సోమేశ్వరలింగము పున్నమికి తెల్లనై, అమావాస్యకు ధూమ్రవర్ణమగునని విన్నవాడు ఆ మార్పునకు తగిన రంగులను ఇంటివద్దనే కలుపుకొని పోవును. ఆతడే కాగితపుపలకను చంకనిడి ఆ యూరి పాత బియ్యపుమిల్లులో అడుగిడెనేని, ఎదుటనున్నది ఊక ఒలుచునదో, తవుడు తీయునదో ఎరుగడు. పేరెరుగని దానిని కన్ను నిజముగ చూడగలదా?

ఈ ప్రశ్న మన సీమకు క్రొత్తది కాదు. దిఙ్నాగాచార్యుడు వేంగీనగర సమీపమున హేతువిద్యాశాస్త్రమును రచించెనని చీనాయాత్రికుడు హ్యూయన్‌త్సాంగు వ్రాసియున్నాడు. ఆ వేంగి ఏలూరు చెంతనున్న నేటి పెదవేగియే. నామజాత్యాదికల్పనలు సోకని జ్ఞానమే ప్రత్యక్షమని దిఙ్నాగుని సిద్ధాంతము. దానికెదురుగ, శబ్దమంటని జ్ఞానమే లేదని వైయాకరణుడైన భర్తృహరి మతము.

మిల్లులోని బెల్టును చూడుడు. పుస్తకమున యంత్రములను చూచినవాడు రెండు పుల్లీల నడుమ రెండు సరళరేఖలు గీచి ఊరకుండును. ఏమియు తెలియక చూచువానికి కనబడునది వేరు: మిల్లు ఆడుచున్నంతసేపు బెల్టు ఒకప్రక్క వింటినారివలె బిగిసియుండును, రెండవప్రక్క వదులై అదరుచుండును, ఆగినంతనే రెండిటి బిగువును సమమగును. ఇంతవరకు దిఙ్నాగునిదే గెలుపు. కాని ఆ బిగువునకు కారణమెరుగనివాని గీత తడబడును. “ఆగినప్పుడేం చూస్తారండీ, ఆడేటప్పుడు చూడండి. మోటారు లాగే పక్కే బిగుస్తుంది” అని మిల్లు డ్రైవరు చెప్పినపిమ్మట గాని చేతికి ధైర్యము కలుగదు. చిత్రకారునకు కావలసినది పేరు కాదు, కార్యకారణసంబంధము; భర్తృహరికి నేనింతకుమించి ఒప్పుకొనజాలను.

ఈ దృశ్యము ఒక్క సాధనమునకు లొంగదు. బిగువునకు ఇండియను ఇంకు, వదులునకు బొగ్గుకడ్డీ. కిటికీవెలుగున తేలు తవుడుధూళికై ముందుగ తెల్లని మైనపుకడ్డీతో రుద్ది, పైని నీటిరంగు పారించినచో, మైనము నీటిని అంటనీయని తావులన్నియు ధూళియగును. పూయని చోటనే వస్తువు భాసించుట అద్వైతులు మెచ్చదగిన చమత్కారము!

ఈ భీమవరముననే 1895లో జన్మించిన అడివి బాపిరాజు, బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయునికి శిష్యుడై, పౌరాణిక చారిత్రక రూపములవైపే ఎక్కువగ మొగ్గెను. పోయిన స్వత్వమును వెదకికొనుచున్న ఆ తరమునకు అది అవసరము. నేటివారికి ఆ సాకు చెల్లదు. దసరాకు యంత్రములకు పసుపుకుంకుమలద్ది, పూలదండ వేసి, కార్మికుడు వానిని దైవకోటిలో చేర్చి చాలకాలమైనది; వెనుకబడినవారు చిత్రకారులే.

కావున చిత్రలేఖనము నేర్చు యువకులారా, నూర్పులు ముగిసి మిల్లులు తెరపిలేక ఆడు దినములలో, యజమాని అనుమతి గైకొని, బెల్టునకు దూరముగ కూర్చుండి వ్రాయుడు. తెల్లచొక్కా మాత్రము తొడుగవలదు.