బండి కోసం ఎదురుచూపు: ఖంతి అంటే ఏమిటి?

ఖంతి గురించి మన విహారాల్లో చాలాసార్లు విన్నాం. ఖంతి అంటే ఓర్పు, సహనం. పది పారమితల్లో ఒకటి. బాబాసాహెబ్ మన చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో పది పారమితలు ఆచరిస్తామన్న ప్రతిజ్ఞ కూడా ఉంది. నేనూ ఊరూరా తిరిగి ఈ ప్రతిజ్ఞలు చెప్పినదాన్నే. కానీ ఖంతి నాకు ఎంత తక్కువ ఉందో మొన్న మే నెలలో ఒక పార్కు గేటు దగ్గర తెలిసింది. అది మీకు దాచకుండా చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పిల్లలు రెండేళ్ళుగా అడుగుతున్నారని ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదు శివారులో ఉన్న ఒక పెద్ద వినోద పార్కుకు పోయాం. సూర్యాపేట నుంచి వచ్చి ఉప్పల్‌లో మా చెల్లె ఇంట్లో దిగాం. నేను, మా అత్తమ్మ, ఇంటర్ చదివే బిడ్డ, ఎనిమిదో తరగతి కొడుకు. మా ఆయనకు డ్యూటీ ఉండి రాలేదు. పొద్దున ఫోన్లో క్యాబ్ బుక్ చేస్తే ఐదు నిమిషాల్లో వచ్చింది. 480 రూపాయలు. పిల్లలు నీళ్ళలో ఆడారు, రంగులరాట్నాలు ఎక్కారు. జీవితమంతా కూలికి పోయిన మా అత్తమ్మ ఐస్‌క్రీమ్ తింటూ నవ్వింది. అంతవరకు అంతా బాగుంది.

సాయంత్రం పార్కు మూసే టైముకు అందరూ ఒక్కసారే బయటపడ్డారు. అందరి చేతుల్లో ఫోన్లు, అందరి కళ్ళు రోడ్డు మీద. నేను బుక్ చేస్తే 1,150 చూపించింది. సరే అన్నాను. మొదటి బండి తొమ్మిది నిమిషాల్లో వస్తానంది, తర్వాత పద్నాలుగు అంది, తర్వాత క్యాన్సిల్. రెండో డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడం, యాడికి? క్యాషా, ఆన్‌లైనా?" ఉప్పల్, ఆన్‌లైన్ అన్నాను. ఫోన్ కట్. మూడో బండి మ్యాపులో ఒకే చోట ఇరవై నిమిషాలు కదలకుండా ఉండి మాయమైంది. మా పక్కనే రెండు కుటుంబాలు ఒక కారు దగ్గర మాది అంటే మాది అని కొట్టుకునేదాకా పోయాయి. అత్తమ్మ ఫుట్‌పాత్ మీద కూలబడింది. "మన రాత ఇంతే బిడ్డా. పోయిన జన్మల ఏం పాపం జేసినమో" అంది. కొడుకు తడి బట్టలతో వణుకుతున్నాడు. ఫోన్లో చార్జింగ్ 9 శాతం.

అప్పుడు నాలుగో డ్రైవర్ ఫోన్ చేసి, "గేటు దాకా రానిస్తలేరు మేడం, మెయిన్ రోడ్డు మీదికి రాండ్రి" అన్నాడు. అప్పటికే గంటన్నర అయింది. నా నోటికి అడ్డు లేకుండా పోయింది. నడవలేని ముసలామె ఉందన్నాను, తిట్టాను. చివరికి, "మీ డ్రైవర్ల బుద్ధే ఇంత, మీరు ఎన్నడూ బాగుపడరు" అన్నాను. ఆయన ఏమీ అనకుండా పెట్టేశాడు.

నా బిడ్డ నా వంక చూసి మెల్లగా అంది: "అమ్మా, 'వీళ్ళ బుద్ధే ఇంత' అని మన వాడ గురించి ఎవరన్నా అంటే నువ్వు ఊకుంటవా?"

బంధువులారా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు ఊరి బడిలో మా గురించి ఆ మాట విన్నాను. దాని మీదే పాతికేళ్ళుగా మీటింగుల్లో మాట్లాడుతున్నాను. ఒక మనిషి చేసిన పనిని ఆ గుంపు మొత్తానికి అంటగట్టి, అది వాళ్ళ పుట్టుకలోనే ఉందనడం కులం మాట్లాడే భాష. గంటన్నర కాళ్ళు నొప్పి పుట్టేసరికి అదే భాష నా నోట్లోంచి వచ్చింది.

అక్కడే నాకు బాబాసాహెబ్ చిన్నతనంలో చేసిన ఒక సెలవుల ప్రయాణం గుర్తొచ్చింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఆయనే దాన్ని రాశారు. అది 1901. కుటుంబం సతారాలో ఉండేది, తండ్రి గోరెగావ్‌లో ఉద్యోగం చేసేవారు. ఎండాకాలం సెలవులకు రమ్మని తండ్రి కబురు పెడితే భీమరావు, అన్న, అక్క కొడుకులు బయలుదేరారు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు ధోవతులు. మొదటిసారి రైలెక్కుతున్న సంబరం. మన పిల్లలు పార్కుకు పోయేటప్పుడు ఎట్లా తయారవుతారో అట్లానే. మసూర్ స్టేషన్లో దిగి, నాన్న మనిషిని పంపుతాడని చూశారు. గంటకు పైగా చూశారు. ఎవరూ రాలేదు. ఉత్తరం అందుకున్న నౌకరు దాన్ని తండ్రికి ఇవ్వడం మరిచిపోయాడని వాళ్ళకు తెలియదు.

స్టేషన్ మాస్టర్ వచ్చి మీరెవరని అడిగితే, మహర్లమని భీమరావు చెప్పేశాడు. ఆ ఒక్క మాటకు స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బయట అద్దె ఎడ్లబండ్లు ఎన్నో ఉన్నాయి. ఒక్కడూ ఎక్కించుకోడు. ఎక్కించుకుంటే మైల పడతాడు. ఆఖరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు అన్న ఒప్పందం మీద కదిలారు. దారిలో తాగడానికి నీళ్ళు ఇచ్చేవాడు లేక, డబ్బాలో అన్నం ఉండి కూడా ఆకలితోనే పడుకున్నారు. గోరెగావ్ చేరేసరికి మర్నాడు పదకొండు గంటలయింది. ఆ ప్రయాణం తన మీద చెరగని ముద్ర వేసిందని ఆయన రాసుకున్నారు.

ఇప్పుడు రెండు ఎదురుచూపులూ పక్కపక్కన పెట్టి చూడండి. మసూర్‌లో బండ్లు ఉన్నాయి, డబ్బులు ఉన్నాయి, కానీ మనుషులుగా గుర్తింపు లేదు. మా గేటు దగ్గర బండ్లు తక్కువ, మనుషులు ఎక్కువ. మమ్మల్ని ఎక్కించుకోని వాళ్ళు మా కులం అడగలేదు. దూరం అడిగారు, డబ్బు ఎట్లా ఇస్తారని అడిగారు. మొదటిది అవమానం. రెండోది ఇబ్బంది. రెండింటినీ ఒకటే అనుకుంటే అవమానం విలువ తగ్గిపోతుంది, ఇబ్బంది అసలు కారణం దొరకదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడమే సమ్మాదిట్ఠి. కులం పోయిందని నేను అనడం లేదు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఇంటి పేరు అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. బండిలో కూడా కులం పేరుతో తిడితే నోరు మూసుకోవద్దు. నంబరు, టైము రాసుకోవాలి, 1989 అట్రాసిటీ చట్టం కింద ఫిర్యాదు చేయాలి. ఖంతి పేరుతో దాన్ని మింగమని ధమ్మం ఎక్కడా చెప్పదు.

మరి ఇబ్బందికి కారణం ఏమిటి? అత్తమ్మ అన్నట్టు పోయిన జన్మ పాపమా? కాదు. బుద్ధుడు చెప్పిన పటిచ్చసముప్పాదం ఏమంటుంది? ఇది ఉంటే అది పుడుతుంది, ఇది లేకపోతే అది ఆగుతుంది. ప్రతిదానికీ కనిపించే కారణాలు ఉంటాయి, వాటిని వెతకాలి. పోయిన జన్మ కర్మ అనే మాట మన తాతముత్తాతలను వెట్టిలో ఉంచడానికి పనికొచ్చింది. బాబాసాహెబ్ దాన్ని ఒప్పుకోలేదు. మనమూ ఫుట్‌పాత్ మీద దాన్ని మళ్ళీ ఎత్తుకోవద్దు.

కారణాలు నాకు ఐదో డ్రైవర్ చెప్పాడు. మేము అత్తమ్మను చెరో పక్క పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచాం. నాలుగో ఆయన చెప్పింది నిజమే, గేటు దాకా బండ్లను రానివ్వడం లేదు. అక్కడ దొరికింది బండి. అప్పటికి రెండు గంటలు దాటింది. ఎక్కగానే ఆయన నీళ్ళ సీసా వెనక్కి ఇచ్చాడు. అత్తమ్మ తాగింది. ఆయన అన్న మాటలు ఇవి:

"మీ కోసం ఎనిమిది కిలోమీటర్లు ఖాళీగ వచ్చిన మేడం. దానికి పైసా రాదు. మీరు కట్టేదాంట్ల కంపెనీ కోత పోను, డీజిల్ పోను, కిస్తీ పోను నాకు మిగిలేది శానా తక్కువ. ఆన్‌లైన్ అయితే పైసలు ఎప్పుడొస్తయో తెల్వది, డీజిల్‌కు ఇప్పుడు కావాలె. పొద్దుగాల ఆరింటికి ఎక్కిన. నేను గూడ ఇయ్యాల రెండు క్యాన్సిల్ జేసిన, మీకు అబద్ధం ఎందుకు చెప్పాలె?"

ఆయన మంచివాడని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఆయన క్యాన్సిల్ చేసిన రెండు చోట్ల కూడా నాలాంటి వాళ్ళు నిలబడే ఉంటారు. అది వాళ్ళకు కష్టమే. కానీ విషయం అర్థమైంది. నా ఫోన్లో కనిపించేది సగం, ఆయన ఫోన్లో కనిపించేది సగం. మొత్తం చూసేవాళ్ళు ఆ రోడ్డు మీద లేరు. రోడ్డు మీద ఉన్న ఇద్దరం మాత్రం ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. రెండు కుటుంబాలు ఒక కారు కోసం కొట్టుకున్నది కూడా ఇందుకే. శాక్యులు, కోలియులు రోహిణీ నది నీళ్ళ కోసం కత్తులు దూయబోయారు. ఆ యుద్ధానికి ఒప్పుకోనందుకే సిద్ధార్థుడు ఇల్లు వదలాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 'బుద్ధుడు, అతని ధమ్మం'లో రాశారు. నీళ్ళు తక్కువైన చోట పక్కవాడు శత్రువులా కనిపిస్తాడు. ఆ చూపును ఆపడం దగ్గరే ధమ్మం మొదలైంది.

ఇంకో సంగతి. 1929లో బాబాసాహెబ్ బొంబాయి ప్రభుత్వ కమిటీ సభ్యుడి హోదాలో తిరుగుతూ చాలీస్‌గావ్‌లో దిగారు. అప్పటికే ఆయన బారిస్టరు. అయినా ఏ టాంగావాడూ ఆయన్ని కూర్చోబెట్టుకుని తోలడానికి ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలం అన్నారు. మనవాళ్ళలోనే ఒకరు అలవాటు లేకున్నా తోలారు. కల్వర్టు మీద బండి తిరగబడి బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. ఆయన అక్కడ గమనించింది ఏమిటంటే, రోజు కూలికి బండి తోలుకునే మనిషి కూడా ఒక బారిస్టరు కన్నా తానే పైవాడిననుకుంటాడు. నిచ్చెన మెట్ల వ్యవస్థ పని చేసేది ఇట్లానే. పైనుంచి పడిన దెబ్బను ప్రతివాడూ కింది మెట్టు మీదికి తోస్తాడు.

ఇప్పుడు మనలో కొందరికి చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కారులో వెనక సీటు వచ్చింది. మంచిదే. దానికోసమే కొట్లాడాం. కానీ వెనక సీట్లో కూర్చున్నాక ముందు సీట్లో ఉన్నవాడిని "నీ బుద్ధే ఇంత" అంటే, చాలీస్‌గావ్ టాంగావాడు చేసిన పనే మనం చేస్తున్నాం. మెట్టు మారింది, నిచ్చెన అట్లానే ఉంది.

అందుకే ఖంతికి నేను ఇప్పుడు ఈ అర్థం చెప్పుకుంటున్నాను: నాకు తగిలిన దెబ్బను నా కిందివాడి మీదికి తోయకపోవడం. ద్వేషానికి ద్వేషం బదులివ్వకపోవడమే ఖంతి అని బాబాసాహెబ్ వివరించారు. అది లొంగిపోవడం కాదు. మసూర్‌లో ఆ పిల్లలు ఏడుస్తూ కూర్చోలేదు, బండి తామే తోలుకున్నారు. పెద్దయ్యాక ఆ పిల్లవాడే 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీ కార్మికుల పని వారానికి 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గింది ఆ కాలపు కృషితోనే. తనను ఎక్కించుకోని బండివాడి మీద పగ పెంచుకోలేదు, పనిచేసే వాళ్ళందరికీ హక్కులు తెచ్చారు. ఖంతి వెనక విరియ ఉండాలి, అంటే ప్రయత్నం.

ఇక మనం చేయగలిగినవి. పార్కుకో జాతరకో పోయినప్పుడు మూసే టైముకు అరగంట ముందే బయటపడండి, చివరి బస్సు ఎప్పుడో పొద్దున్నే అడిగి పెట్టుకోండి. ముసలివాళ్ళు ఉంటే నీళ్ళు, పొడి బట్టలు దగ్గర ఉంచుకోండి. బండి దగ్గరికి వచ్చాక మనం క్యాన్సిల్ చేయొద్దు, అది కూడా ఒకరి కష్టాన్ని దొంగిలించడమే. కోపం వచ్చినప్పుడు ఫోన్ ఎత్తే ముందు ఐదుసార్లు శ్వాస గమనించండి. తప్పు జరిగితే ఆ తప్పు గురించే ఫిర్యాదు చేయండి, మనిషి పుట్టుక గురించి మాట్లాడొద్దు. సమ్మావాచ అంటే అదే. డ్రైవర్లు, డెలివరీ పిల్లలు తమ హక్కుల కోసం అడిగితే వాళ్ళ పక్కన నిలబడండి. రాజస్థాన్ 2023లో ఇట్లాంటి పనివాళ్ళ కోసం ప్రత్యేక చట్టం చేసింది. అడిగితేనే చట్టాలు వస్తాయి. వాళ్ళలో ఎంతమంది మన వాడల పిల్లలో మీ వాడలోనే లెక్కపెట్టి చూడండి.

ఆ రాత్రి ఉప్పల్‌లో దిగాక ఆ నాలుగో డ్రైవర్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెబుదామనుకున్నాను. రైడు అయిపోతే ఆ నంబరు కలవదు. ఆ మాట ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆయన ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొచ్చిందో ఏమో. అందుకే ఇక్కడ మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం నాకు ధైర్యం ఇస్తుంది. ఐదో డ్రైవర్ మా కులం అడగలేదు, మేము ఆయనది అడగలేదు. ఆయన సీసాలో నీళ్ళు మా అత్తమ్మ తాగింది. 1901లో ఆ నలుగురు పిల్లలకు ఆ రెండూ దొరకలేదు. ఇవి ఊరికే రాలేదు. ఇంత దూరం తెచ్చినవాళ్ళ రుణం మన నాలుక మీద ఉంది. దాన్ని జాగ్రత్తగా వాడుదాం.

నమో బుద్ధాయ. జై భీమ్.