బూట్లు బిగుతయ్యాక

మా బడి నల్లబల్ల మీద ఒక తేదీ చాలాకాలం చెరక్కుండా ఉండిపోయింది. 18-3-2020, బుధవారం. దాని కింద మొత్తం 41, హాజరు 37. ఆ రోజు పిల్లల్ని పంపించేశాక కబురు తెలిసింది, కరోనా వల్ల మర్నాటి నుంచి రాష్ట్రమంతా బడులు మూసేస్తున్నారని. మార్చి నెలాఖరు దాకా అన్నారు. పదమూడు రోజులే కదా, వచ్చాక తుడుచుకోవచ్చులే అని బల్ల అలాగే వదిలేసి తాళం వేశాను. దాచడమెందుకు, కొంచెం సంతోషించాను కూడా. ఎండలు ముదురుతున్నాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అడక్కుండా వచ్చిపడిన సెలవు.

కృష్ణా డెల్టాలో చిన్న ఊరు మాది. ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. బడి ఎప్పుడు తెరుస్తారని మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడిగి ఎరగరు. మృగశిర కార్తె వస్తుంది, ఇళ్లల్లో చేపల కూర ఘుమఘుమలాడుతుంది, నాలుగు రోజులు తిరిగేసరికి జూన్ 12. ఎండ తగ్గినా తగ్గకపోయినా, చినుకు పడినా పడకపోయినా ఆ పొద్దున గంట మోగుతుంది. నారుమడి దున్నుకోవడం ఎలాగో అదీ అలాగే. బడి తెరవడం కాలం చేసే పని, మనుషులు చేసేది కాదు అన్నంత ధీమాగా ఉండేవాళ్లం. 2020లో మొదటిసారి అది మనుషుల పనేనని తేలింది. ఎవరో కూర్చుని, ఆలోచించి, తేదీ చెప్పాలి.

చెప్పారు కూడా. ఆగస్టు 3 అన్నారు. తర్వాత సెప్టెంబరు 5, తర్వాత అక్టోబరు 5, ఆ తర్వాత నవంబరు 2. ప్రతి తేదీనీ మోసుకుపోయి ఊళ్లో చెప్పింది నేనే.

మా బడిలో ఒక పిల్ల ఉంది. చిట్టి అంటాను, అసలు పేరు కాదు. మార్చిలో ఒకటో తరగతి. పరీక్షల్లేకుండా రెండులోకి వచ్చేసింది. వాళ్లిల్లు బడికి నాలుగిళ్ల అవతల. నేను కనబడితే చాలు, అరుగు మీంచి దూకి ‘ఎప్పుడు మాస్టారూ?’ అనేది. ఏమిటి ఎప్పుడు అని అడగాల్సిన పనిలేదు. ఆగస్టు 3 అన్నాను. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. సెప్టెంబరు 5 అన్నాను. మళ్లీ లెక్కపెట్టుకుంది. అక్టోబరు 5 అన్నప్పుడు వేళ్లు కదల్లేదు. నా మొహంకేసి చూసి ‘మీకు తెలీదు కదండీ’ అంది. కోపంతో కాదు. లెక్క రాని పిల్లాణ్ణి నేను ఎంత మెల్లగా సముదాయిస్తానో అంత మెల్లగా.

వాయిదా అన్నది పెద్దవాళ్ల మాట. కోర్టు కేసుకు వాయిదా ఉంటుంది, బాకీకి వాయిదా ఉంటుంది, మూఢం వచ్చిందని పెళ్లి కూడా వాయిదా వేసుకుంటాం. ఆ కేసూ ఆ బాకీ చెప్పిన రోజుదాకా ఉన్నచోటే కూర్చుంటాయి. పిల్లలు కూర్చోరు. యాభై దాటిన నాకు పది నెలలంటే రెండు పండగలు అటూ ఇటూ. ఆరేళ్ల పిల్లకు, ఊహ తెలిశాక గడిచిన కాలంలో అది మూడో వంతో నాలుగో వంతో. తేదీలు ఖాయం చేసేవాళ్లంతా ఇంచుమించు నా ఈడువాళ్లే. వాళ్ల గడియారంతో వాళ్లు చూసుకున్నారు. వాళ్లనని ఏం లాభం, పదమూడు రోజులే కదా అని బల్ల తుడవకుండా పోయింది నేను.

కాగితం మీద మాత్రం చదువు ఆగలేదు. దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పేరుతో పాఠాలొచ్చాయి. చెప్పినవాళ్లు మంచి టీచర్లు, కెమెరా ముందు నిలబడి చెప్పడం తేలికేం కాదు. ఒకరోజు చిట్టి వాళ్లింటి గుమ్మంలో నిలబడ్డాను. లోపల టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునుంది. టీవీలో మేడమ్ ‘అర్థమైందా పిల్లలూ?’ అని అడిగారు. చిట్టి చెయ్యెత్తి ‘లేదండి’ అంది. మేడమ్ ‘శభాష్!’ అని తర్వాతి దాంట్లోకి వెళ్లిపోయారు. చిట్టి నాకేసి తిరిగి పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మంచం మీద వాలాక ఆ నవ్వు నిలవలేదు. ముప్పై ఏళ్లుగా జీతం తీసుకుంటున్నది పాఠం చెప్పినందుకు అనుకునేవాణ్ణి. ‘లేదండి’ అన్న మాట చెవిన పడి ఆగినందుకేమో అనిపించింది ఆ రాత్రి.

మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకిచ్చే రోజున బడి తలుపు తీసేవాళ్లం. ఆవరణలో సున్నంతో గుండ్రాలు గీశాం. తల్లులు సంచులు పట్టుకుని గుండ్రానికొకరు నిలబడ్డారు. వాళ్లటు వెళ్లగానే పిల్లలు అవే గుండ్రాల్లో ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల మొదలెట్టారు. మా రెండో టీచరమ్మ ‘పొమ్మననా మాస్టారూ?’ అంది. ‘కాసేపాగండమ్మా’ అన్నాను. ఆ కాసేపు ముప్పావుగంట అయింది.

అక్టోబరు 8న జగనన్న విద్యాకానుక మొదలుపెట్టారు. బ్యాగు, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, బెల్టు, బూట్లు, సాక్సులు. బడి తెరవలేదు గానీ బడికి కావలసినవన్నీ ఇంటికొచ్చేశాయి. చిట్టి బూట్లు సరిగ్గా సరిపోయాయి. మా ఊళ్లో ఆ ఈడు పిల్లలు చాలామందికి అవే మొదటి బూట్లు. మట్టి అంటుతుందని మంచం మీద తొడుక్కుని, మంచం మీదే నడిచి, విప్పి పెట్టెలో పెట్టేదట. బడి తెరిచాకే బయటికి తీస్తానని పంతం.

ఆ ఏడాది ఏవి ఏ వరసలో తెరుచుకున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. మద్యం దుకాణాలు మే 4న. విశాఖ జిల్లాలో కొందరు టీచర్లకు ఆ క్యూల దగ్గర డ్యూటీ వేశారని పేపర్లో చదివి, మా స్టాఫ్ యావత్తూ, అంటే మేమిద్దరం, ఏం మాట్లాడుకోవాలో తెలీక ఊరుకున్నాం. సినిమా హాళ్లకు కేంద్రం అక్టోబరు 15 నుంచి సగం సీట్లతో అనుమతినిచ్చింది. నవంబరు 2న తొమ్మిది, పది, ఇంటర్ వాళ్లు బడికెళ్లారు. మా చిన్నవాళ్ల వంతు 2021 ఫిబ్రవరి 1. తెలంగాణలో ఆ ఫిబ్రవరి 1న తొమ్మిది ఆ పైవాళ్లనే పిలిచారు. అక్కడి ప్రాథమిక పిల్లలు సెప్టెంబరు దాకా గుమ్మం తొక్కలేదు. పెద్దవాళ్లే ముందెందుకంటే వాళ్లకు పబ్లిక్ పరీక్షలున్నాయి. పరీక్ష లేని చదువును మనం చదువు కింద లెక్కేసిందెప్పుడు? డెన్మార్క్‌లో దీన్ని తిరగేశారు. 2020 ఏప్రిల్ 15కే అక్కడ పసివాళ్ల కేంద్రాలూ, ఐదో తరగతి దాకా బడులూ తెరవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలకు ముప్పు తక్కువని తోచింది, పైగా వాళ్లు ఇంట్లో ఉంటే అమ్మానాన్నలు పనిలోకి వెళ్లలేరు. మన ఐసీఎంఆర్ అప్పటి అధిపతి బలరాం భార్గవ కూడా చివరికి అదే మాటన్నారు: చిన్నపిల్లల ఒంట్లో వైరస్ అతుక్కునే గ్రాహకాలు తక్కువ, తెరిచేటప్పుడు ప్రాథమిక బడులే ముందు తెరవచ్చు అని. అన్నది 2021 జులైలో. అప్పుడే వచ్చిన నాలుగో సీరో సర్వేలో, దేశం మొత్తమ్మీద ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి యాంటీబాడీలున్నాయి. వాళ్లు బడికి రాకపోయినా రోగం వాళ్లింటికి వెళ్లొచ్చేసింది.

ఇప్పుడు ఇదంతా చెప్పడం తేలిక. అప్పుడు నాకూ భయమే. షుగరు ఉన్నవాణ్ణి, ఇంట్లో ఎనభై దాటిన అమ్మ. ‘తెరవాలి, తెరవాలి’ అని పగలు అనేవాణ్ణి, తేదీ వాయిదా పడిందని రాత్రి వార్తల్లో వింటే లోపలెక్కడో హాయిగా ఉండేది. రెండూ నేనే.

జనవరి ఆఖర్లో అంగీకార పత్రాల పని పెట్టుకున్నాం. మా పిల్లను మా ఇష్టపూర్వకంగా బడికి పంపుతున్నాం అని తల్లిదండ్రులు సంతకం చెయ్యాలి. చిట్టి వాళ్లమ్మ పొలం నుంచి నేరుగా వచ్చింది. కాగితంలో ఏముందో చదివి వినిపించమంది. వినిపించాను.

‘అంటే ఏవన్నా అయితే మిమ్మల్నడక్కూడదనేగా మాస్టారూ?’

‘అలాగని కాదమ్మా...’ అని నీళ్లు నమిలాను.

‘మరి ఎవర్నడగాలండి?’

జవాబు కోసం ఆగలేదు. స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కి, మిగిలిన సిరా తలకు రాసుకుని వెళ్లిపోయింది.

పది నెలలుగా అందరం అడుగుతున్నది ‘ఎప్పుడు’ అని. దాని కడుపులో ఉన్నది ‘ఎవరి పూచీ’ అన్న ప్రశ్న అని ఆవిడ వెళ్లాక తట్టింది. పూచీ పడేవాడు దొరికితే తేదీ దానంతటదే దొరికేది. ప్రభుత్వం నిపుణుల్ని అడిగింది, నిపుణులు కేసుల లెక్కలు చూడమన్నారు, పైఆఫీసు కిందాఫీసును నివేదిక అడిగింది, కిందాఫీసు నన్నడిగింది. నేను ఒక కాగితం పట్టుకెళ్లి, అక్షరం రాని మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నాను. అందరి పూచీ చివరికి ఆ వేలి మీదికి వచ్చి ఆగింది.

1918 ఫ్లూ నాటి న్యూయార్క్ సంగతి చదివాను. అమెరికాలో చాలా ఊళ్లు బడులు మూసేస్తుంటే అక్కడి ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ మూయనన్నాడు. నగరంలో బడి పిల్లలు 10 లక్షలకు దగ్గర, వాళ్లలో ఎక్కువమంది గాలీ వెలుతురూ లేని ఇరుకు వాటాల్లో ఉంటారు, ఆ ఇళ్లకన్నా బడే శుభ్రం, పైగా బడిలో అయితే రోజూ డాక్టర్లు, నర్సులు చూస్తారు అన్నది ఆయన వాదన. చుట్టూ తిట్టారు. నా పూచీ అని నిలబడ్డాడు. షికాగో కూడా తెరిచే ఉంచింది. ఇది చదివి ఒకరోజంతా ఉత్సాహంగా తిరిగాను. మర్నాడు బడికెళ్లి చూస్తే మా ఏఎన్ఎం గుర్తొచ్చింది. ఒక్క మనిషి, ఊళ్లు చాలా, ఆ ఏడాది టెస్టులూ ఆమే, సర్వేలూ ఆమే. రోజూ మా పిల్లల నాలిక ఎవరు చూస్తారు? పూచీ పడాలంటే గుండె ఒక్కటే చాలదు, పక్కన నర్సు కూడా ఉండాలి. కోప్‌లాండ్ గారికి ఉంది.

ఫిబ్రవరి 1, సోమవారం. బల్ల మీద మార్చి తేదీని తడిగుడ్డతో తుడిచాను. సుద్ద గట్టిపడిపోయి ఒక పట్టాన పోలేదు. పిల్లలొచ్చారు. అందరి మూతికీ మాస్కులు, కొందరివి గడ్డం కింద. తొమ్మిదింటికల్లా చిట్టి గేటు దగ్గరుంది. బూట్లు వేసుకుంది గానీ మడమలు లోపలికి దూరలేదు. వెనక అంచు తొక్కేసి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ వస్తోంది. అక్టోబరులో సరిపోయినవి. ‘బిగుతయిపోయాయండి’ అంది, తనేదో తప్పు చేసినట్టు. ఒక్కరోజు కూడా మట్టి తొక్కని బూట్లు. అడుగులు ఇంకా నిగనిగలాడుతున్నాయి.

గుణింతం చెప్పమన్నాను. క కా కి కీ దగ్గర్నుంచి కం కః దాకా గొంతెత్తి పాడింది, ఎక్కడా తడబడలేదు. పలక మీద ‘కె’ రాయమంటే బలపం పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాగం మిగిలింది, అక్షరం ఎగిరిపోయింది. చిట్టి ఒక్కతే కాదు, ఆ తరగతిలో సగం మంది అంతే. మూడో తరగతి వాళ్లకు ఒత్తులు పోయాయి, నాలుగు వాళ్లకు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం పోయింది. ఇవి మళ్లీ చెప్పుకోవచ్చు, నాకు బెంగలేదు. అక్షరం ఎక్కడికీ పోదు, పిలిస్తే వస్తుంది.

పిలిచినా రానివాడు ఒకడున్నాడు. మార్చి 18న గైర్హాజరైన నలుగురిలో వాడొకడు. నల్లబల్ల మీద 41కీ 37కీ మధ్య ఉన్న తేడాలో పది నెలలు ఇరుక్కుపోయాడు. అమ్మానాన్నలతో ఇటుక బట్టీల వైపు వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. ఇచ్చిన నంబరు పలకలేదు. బడి నడుస్తున్న రోజులైతే మూడో రోజున వాళ్లింటికి వెళ్లి ఆరా తీసేవాణ్ణి. బడే లేనప్పుడు బడికి రానివాణ్ణి ఎవరు కనిపెడతారు? రిజిస్టరులో వాడి పేరు పక్కన ఏ గుర్తు పెట్టాలో చాలాసేపు ఆలోచించి, చివరికి చుక్క పెట్టాను.

నడిచింది పదకొండు వారాలు. ఏప్రిల్ 20 నుంచి మళ్లీ మూత. ఈసారి ఎవరూ ఎప్పుడని అడగలేదు. మే నెలలో నా ట్రైనింగ్ బ్యాచివాడు, పక్క మండలంలో టీచరు, ఆసుపత్రిలో పోయాడు. ఫోన్లో మాట్లాడిన చివరిసారి బడి గురించే మాట్లాడాడు. వాళ్ల బడి బోరు పాడైందట, తెరిచేలోపు బాగు చేయించాలన్నాడు. దహనానికి వెళ్లనివ్వలేదు. ఆ వేసవిలో బడి తెరవాలని నేను పగలు కూడా అనలేదు.

ఆగస్టు 16న మళ్లీ తెరిచాం. శ్రావణ మాసం, రాత్రి పడిన వానకు గేటు ముందంతా బురద. చిట్టి మూడో తరగతికి వచ్చింది, కాళ్లకు హవాయి చెప్పులు. చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని లాక్కొస్తోంది. వాడు ఆ రోజే ఒకటో తరగతిలో చేరాలి. వాడి కిట్టు ఇంకా రాలేదు. కాళ్లకు అక్క బూట్లు, ముందు భాగంలో పాతగుడ్డ కుక్కినా వాడికి ఇంకా వదులే. గేటు దాకా బాగానే వచ్చాడు. గేటు దగ్గర ఎడమకాలి బూటు బురదలో దిగబడి ఉండిపోయింది, కాలు బయటికొచ్చేసింది. వాడు వెనక్కి తిరిగి బూటును చూశాడు, లోపల గోల చేస్తున్న పిల్లల్ని చూశాడు. ఒక బూటుతోనే కుంటుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

చిట్టి వంగి బూటు పీకింది. అడుగుకు పట్టిన మట్టిని గేటుకేసి గీరుతూ, ‘మాస్టారూ, గంట నేను కొట్టనాండి?’ అంది.