కొవ్వొత్తి ఎక్కడ పెట్టవలెను?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 34:5–6, 2 సమూయేలు 21:8–14



సమాధుల పండుగ సమీపించుచున్నది. నవంబరు 2వ తేదీ సాయంకాలమున మన పల్లెలలో సమాధులకు సున్నము కొట్టి, బంతిపూలు వేసి, కొవ్వొత్తులు వెలిగింతుము. ఎవరి వారి యొద్ద వారు నిలిచి ప్రార్థింతురు. ఆ వేళ మా తండ్రిగారు మాత్రము ప్రతి సంవత్సరమును చేత ఒక కొవ్వొత్తి పట్టుకొని గేటు దగ్గరనే నిలుచుండువారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మా నాయనమ్మ కొట్టుకొనిపోయెను. వేలాదిమంది మరణించిన ఆ దినములలో, గుర్తుపట్టువారు లేని శవములను గోతులలో కలిపి పూడ్చిరి. ఆమె వాటిలో నున్నదో, సముద్రములో నున్నదో ఎవరెరుగుదురు?

మేము వేదపాఠశాల ముగించి వచ్చిన క్రొత్తలో ఆయన మమ్మును చూచి, “ఒరే అబ్బాయ్, ఈ వత్తి ఎక్కడ పెట్టమంటావురా?” అని అడిగిరి. “నాయనమ్మ మట్టిలో లేదు నాన్నా, ప్రభువు దగ్గర ఉంది. వత్తి ఎక్కడ పెడితే ఏముంది?” అని చెప్పితిమి. అది తప్పు బోధ కాదు. అయినను ఆయన మారు పలుకక వత్తిని జేబులో పెట్టుకొని ఇంటికి పోయిరి. సరియైన మాట చెప్పియు తండ్రిని ఒంటరిగా పంపివేసితిమని చాల ఏండ్లకు గాని మాకు తెలియలేదు.

చనిపోయినవారికి మనము ఏమైనను బాకీ యున్నామా? ఉన్నయెడల, సమాధి లేనివారికి ఆ బాకీ ఎక్కడ చెల్లించవలెను? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని ఒక దినమంతయు జర్మనీ దేశములో రైలుమీద ఒంటరిగా తిరిగితిమి. సంఘ కార్యముమీద అక్కడికి వెళ్లిన మాకు, తిరుగు ప్రయాణమునకు ముందు ఒక్క దినము ఖాళీ దొరికెను. ఆ దినమును పాత సమాధుల తోటలు చూచుటకు ఉంచుకొంటిమి.

ఉదయమున లైప్‌జిగ్ నగరపు పెద్ద స్టేషను నుండి నడచి, పాత యోహాను శ్మశానవాటికకు పోయితిమి. 13వ శతాబ్దములో అది కుష్ఠరోగుల ఆసుపత్రికి చెందిన పాతిపెట్టు స్థలము. తరువాత పట్టణమంతటికిని అదే ఆధారమాయెను. 1883లో అక్కడ పాతిపెట్టుట మానివేసిరి. ఇప్పుడది చెట్ల నీడలో కొన్ని పాత రాళ్లు మిగిలిన ఉద్యానవనము. పిల్లలు ఆడుకొనుచుండిరి.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అను గొప్ప సంగీత విద్వాంసుని 1750లో ఆ వాటికలోనే పాతిపెట్టిరి. ఆయన 27 ఏండ్లు ఆ పట్టణపు దేవాలయములలో సంగీతము నడిపించెను. అట్టివాని సమాధిమీద పేరు చెక్కిన రాయి నిలువలేదు. 144 సంవత్సరముల తరువాత, 1894లో, ఎముకలు వెదకి తీసి, పరీక్షించి, ఆయనవే యని నిర్ణయించి, ప్రక్కనున్న యోహాను దేవాలయములో ఉంచిరి. 1943లో బాంబులవలన ఆ దేవాలయము పాడైపోగా, యుద్ధానంతరము ఆయన పనిచేసిన తోమా దేవాలయములోనికి మార్చిరి. ఆ ఎముకలు నిజముగా ఆయనవేనా యని సందేహించు పండితులు ఇప్పటికిని ఉన్నారు. అయినను ఆయన కూర్చిన పాటల స్వరములు ప్రతి ఆదివారము లోకమంతట వినబడుచునే యున్నవి. గురుతు పోయినంత మాత్రమున మనిషి పోడని అక్కడ గ్రహించితిమి.

గాని తొందరపడకూడదు. బాఖ్ సంగతి వేరు. ఏ పాటయు వ్రాయని మా నాయనమ్మ సంగతి యేమి? ఈ తలంపుతోనే హల్లే పట్టణపు రైలెక్కితిమి. అరగంటకు మించి పట్టదు. కిటికీ బయట దున్నిన నల్లని చేలు, దూరమున తిరుగుచున్న గాలిమరలు కనబడెను. ఎదుట కూర్చున్న ఒక ముసలి తల్లి ఒడిలో పూలకుండీ పెట్టుకొని యుండెను. ఎవరి సమాధికి తీసికొనిపోవుచున్నదో అడుగుటకు మాకు భాష రాదు.

ఆ దేశములో ఒక పద్ధతి యున్నది. సమాధి స్థలము సాధారణముగా శాశ్వతముగా ఇయ్యరు. 20 మొదలు 30 ఏండ్లవరకు గడువుంచి ఇచ్చెదరు. గడువు తీరిన తరువాత కుటుంబమువారు మరల రుసుము కట్టనియెడల, లేక అక్కడి నియమము ఒప్పుకొననియెడల, రాయి తీసివేసి ఆ స్థలమును మరియొకరికి ఇచ్చెదరు. మొదట విన్నప్పుడు ఇది కఠినమని మాకు తోచెను. అయితే మన పల్లెలో గడువు లేకపోయినను, రెండు తరములు గడచునప్పటికి ఎన్ని దిబ్బలకు దిక్కున్నది? వారు కాగితముమీద వ్రాసి చేయుచున్నదానిని, మనము మరచిపోవుటచేత చేయుచున్నాము.

హల్లే పట్టణపు పాత సమాధుల తోటకు జర్మను భాషలో ‘పట్టణపు దేవుని పొలము’ అని అర్థమిచ్చు పేరున్నది. రైతులారా, ఈ పేరు వినుడి! శవములు పూడ్చు చోటును వారు పొలమనిరి, విత్తుటకును కోయుటకును యజమానుడున్న చోటనిరి. 1557 మొదలుకొని నికెల్ హోఫ్‌మాన్ అను శిల్పి దాని చుట్టు రాతి కమానులు కట్టుట ప్రారంభించెను. 94 కమానులు. ఒక్కొక్క కమాను క్రింద ఒక్కొక్క కుటుంబపు సమాధి. తిన్నగా నాలుగు వైపుల నడిచితిమి. అక్కడ ఆగస్టు హెర్మన్ ఫ్రాంకే నిద్రించుచున్నాడు. 1690లలో అనాథ పిల్లలను చేర్చుకొని, బడులును ముద్రాశాలయు స్థాపించి, 1727లో మరణించిన పాదిరి ఆయన. తరంగంబాడికి 1706లో వచ్చిన తొలి ప్రొటెస్టెంటు మిషనెరీలకు ఆయన పట్టణమే అండగా నిలిచెను. ఆ పట్టణమునుండియే బెంజమిన్ షుల్జ్ 1719లో మన దేశమునకు వచ్చి, తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలును తెనిగించెను. ఆ వ్రాతప్రతి అచ్చు కాలేదు. ఆయన హల్లేకు తిరిగిపోయి, 1746, 1747 సంవత్సరములలో అక్కడ తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములు అచ్చు వేయించి, 1760లో మరణించెను. ఆయన పేరెరిగిన తెలుగు క్రైస్తవులు మనలో ఎందరున్నారు? మనకు మేలు చేసినవారిలో అనేకులు మనకు పేరు తెలియనివారే.

యుద్ధకాలములో ఆ కమానులలో అనేకము కూలెను. ఏండ్ల తరబడి శిథిలముగా నున్నవాటిని 1990ల చివరనుండి తిరిగి కట్టిరి. అందుకు గొప్ప మొత్తము ఇచ్చినది, ఒకప్పుడు ఆ పట్టణపు విశ్వవిద్యాలయములో బోధించిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ సీగ్లర్ కుమార్తె. నాలుగు వందల ఏండ్ల క్రిందటి పరాయివారి సమాధులకు ఆమె తన ధనము వెచ్చించెను. ఇచ్చట మా ప్రశ్నకు మొదటి వెలుగు కనబడెను.

సాయంకాలము హంబోల్ట్ వీధికి పోయితిమి. అక్కడ యూదుల సమాధుల స్థలము, దాని ప్రక్కనే వారి సమాజమందిరము ఉన్నవి. ఆ మందిరము మొదట శవసంస్కారమునకై కట్టిన ఇల్లు. 1938 నవంబరులో పట్టణములోని పెద్ద సమాజమందిరమును నాశనము చేసిన తరువాతి కాలమున, దుఃఖపు ఇల్లే ప్రార్థనా గృహమాయెను. 2019 అక్టోబరు 9న, వారి ప్రాయశ్చిత్త దినమున, ఒక హంతకుడు తుపాకితో వచ్చి లోపలికి చొరబడ జూచెను. కొయ్య తలుపు నిలిచెను, లోపలివారు బ్రదికిరి. గాని బయట ఇద్దరు చంపబడిరి. మేము పోయినప్పుడు గేటు మూసి యుండెను. గోడ బయటనే నిలిచి ప్రార్థించితిమి.

యూదుల ఆచారములో సమాధి శాశ్వతము, దానికి గడువు లేదు. జర్మనీలో అట్టి స్థలములు 2,000కు పైగా ఉన్నవి. అయితే సంరక్షించవలసిన బిడ్డలనే హిట్లరు కాలములో చంపివేసిరి. కావున 1957 నుండి, సంఘము లేని చోట్ల వాటి పోషణ ఖర్చును ప్రభుత్వములు భరించుచున్నవి. దాని వలన చేసిన పాపము తీరదు. అయినను దిక్కులేని సమాధికి పరాయివాడు దిక్కగుట న్యాయమని ఒక దేశము ఒప్పుకొనెను.

తిరుగు రైలులో చీకటి పడెను. రిస్పా జ్ఞాపకమునకు వచ్చెను. కొండమీద వ్రేలాడిన ఏడుగురిలో ఆమె కుమారులు ఇద్దరే. తక్కిన అయిదుగురు మరియొక స్త్రీ బిడ్డలు. పగలు పక్షులను, రాత్రి మృగములను ఆమె తోలినది ఏడుగురిమీదినుండి. తన యిద్దరిని మాత్రమే కాచుట ఎట్లు సాధ్యము? ఇన్నిమారులు ఆ అధ్యాయము చదివియు మేము దీనిని గమనింపలేదు. తల్లి దుఃఖము ఇతరుల బిడ్డలకు గొడుగాయెను.

మోషే సమాధి ఎక్కడనో ఎవరికిని తెలియదు. అతనిని పాతిపెట్టినది దేవుడే యని వాక్యము చెప్పుచున్నది. కావున గురుతు లేని సమాధి దేవుడు మరచిన సమాధి కాదు. ఇది మేము మొదట చెప్పిన ఉత్తరమే. అయితే అది సగమే. మృతులు మన వెలుగు చూడరు. వారికి మనము ప్రార్థన చేయము. మృతులను పాతిపెట్టు పనికంటె రాజ్యపు పని ముఖ్యమని ప్రభువే ఒకనితో చెప్పెను. ఇవన్నియు నిజమే. అయినను ప్రేమించినవాని చేతిలో ఒక వత్తి మిగిలిపోవును. దానిని ఆర్పి జేబులో పెట్టుకొమ్మనుట సువార్త కాదు. నీవారి స్థలము తెలియనియెడల, ఎవరును లేనివాని స్థలమున దానిని వెలిగించుము. నీవారు ఎక్కడ పడియున్నారో అక్కడ, పేరెరుగని యొకడు వారికి అట్లే చేయునేమో. చేయకపోయినను దేవుడు ఎరుగును.

ఇంటికి వచ్చి ఈ సంగతులన్నియు మా తండ్రిగారికి చెప్పితిమి. ఆనాటి మాటకు క్షమాపణ కూడ అడిగితిమి. ఆయన చాలసేపు ఊరకుండిరి. పిమ్మట, “గోడవారన తుమ్మచెట్టు కింద పాత దిబ్బ ఒకటుందిరా. అదెవరిదో మా నాన్నక్కూడా తెలీదు. దాని మీద పెడదాం” అనిరి.

ప్రియులారా, ఈ పండుగకు మీవారి సమాధులకు సున్నము కొట్టునప్పుడు, బకెట్టులో కొంచెము మిగుల్చుడి. ప్రతి కుటుంబము దిక్కులేని ఒక దిబ్బను శుభ్రము చేయునుగాక. అది ఏ పేటవారిదని అడుగవద్దు. దేవుని పొలములో గట్లు లేవు.

ఆమేన్.