కర్ర పిట్ట అబద్ధమా?

చెక్కతో చేసిన పిట్ట అచ్చం నిజం పిట్టలాగే ఉంటే దాన్ని మెచ్చుకోవాలా, లేక అది మన కళ్లను మోసం చేస్తోందని అనాలా? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ ఆలోచించే కొద్దీ పెద్దదవుతుంది.

ఈ ప్రశ్న మా ఇంట్లో మా తమ్ముడి వల్ల వచ్చింది. సంక్రాంతి బొమ్మల కొలువు కోసం అమ్మమ్మ విజయవాడ నుంచి ఒక కొండపల్లి చిలకను తెచ్చింది. వాడు కాసేపు ఆడుకుని, "ఇది అబద్ధం చిలక. నాకు పంజరంలో ఉండే నిజం చిలక కావాలి" అని పేచీ పెట్టాడు. మా నాన్న వడ్రంగి, ఇక్కడి ఫ్లాట్లలో కప్‌బోర్డులు చేస్తారు. ఆయన, "పంజరంలో ఉన్నది మాత్రం నిజం చిలక ఎట్లా అవుతుందిరా? అది ఎగరదు కదా" అన్నారు. మన అడవి చిలకల్ని పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అయితే చట్టం కంటే నాన్న మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. కర్రలోని తడి పోయేదాకా ఆరబెట్టి, ఉలితో ఒక్కో భాగాన్ని చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దానిమీద సున్నం పూత, ఆ తర్వాత రంగులు. ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మల పద్ధతి వేరు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. అందుకే ఆ పిట్టలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. వాటికి ఈకలు కనబడవు, రెండు చుక్కలే కళ్లు. అయినా పసిపిల్లలు కూడా దాన్ని పిట్ట అనే అంటారు. అంటే పోలిక ఎక్కువైతే నిజం, తక్కువైతే అబద్ధం అని చెప్పలేం.

మరి మోసం ఎక్కడుంది? అమెరికాలో వేటగాళ్లు చెక్క బాతుల్ని చేసి నీళ్లమీద వదిలేవారు. ఆకాశంలో పోయే బాతులు తమవాళ్లే అనుకుని దిగితే తుపాకీతో కాల్చేవారు. నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో దొరికిన జమ్ము బాతులు సుమారు రెండు వేల ఏళ్ల నాటివి. అంటే ఈ ఉపాయం అంత పాతది. 1918లో వలస పక్షుల చట్టం వచ్చి, అమ్మకం కోసం పక్షుల్ని వేటాడటం ఆగింది. తర్వాత కాలంలో అవే చెక్క బాతులు అల్మారాల్లోకి, మ్యూజియంలలోకి చేరాయి. చెక్కే చెయ్యి, కర్ర, రంగు అన్నీ ఒకటే. మారింది ఉద్దేశం. పిట్టను చంపడానికి చేసిన పోలిక మోసం. పిట్టను చూడమని చేసిన పోలిక మోసం కాదు. కొలువులో కూర్చున్న చిలక "నేను కర్రని" అనే సంగతి ఎవరి దగ్గరా దాచడం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. పిట్ట బొమ్మ చెయ్యాలంటే పిట్ట వాలే చెట్టునే కొట్టాలి కదా? ఇది నిజం. పొణికి కర్ర దొరకడం కష్టమవుతోందని కొండపల్లి కళాకారులే బాధపడుతున్నారు. బొమ్మ మంచిదే కాబట్టి చెట్టు పోయినా పర్లేదు అనడం నాకు ఇష్టం లేదు. చెట్టు తీసుకున్నవాడు చెట్టుకు బాకీ పడ్డట్టే. ఆ బాకీ చెట్టు నాటి తీర్చాలి. బొమ్మ కొనుక్కున్న మనకు కూడా అందులో వాటా ఉంది.

ఈ విషయంలో వడ్రంగి పిట్టను చూసి నేర్చుకోవచ్చు. మన పెద్దలు దానికి ఊరికే ఆ పేరు పెట్టలేదు. అది కూడా కర్రను చెక్కుతుంది. కానీ ఎక్కువగా ఎండిన, పుచ్చిన మాన్లనే తొలుస్తుంది. అది గూడు కట్టుకుని వదిలేసిన తొర్రలో తర్వాత చిలకలు, గోరింకలు, చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి. తన కోసం చేసుకున్న పని ఇంకొకరికి ఇల్లు అవుతుంది.

మనం ఉండే ఎలక్ట్రానిక్ సిటీ ఒకప్పుడు కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊళ్ల భూమి. 1978 ప్రాంతంలో 332 ఎకరాల్లో మొదలైంది. దానివల్లే మా నాన్నకు, మనలో చాలామంది అమ్మానాన్నలకు పని దొరికింది. కాబట్టి బిల్డింగులు వద్దని నేను అనను. మా లేఅవుట్ చివర ఖాళీ సైటులో ఒక ఎండిపోయిన చెట్టుంది. దాని తొర్రలో బంగారు రంగు వీపున్న వడ్రంగి పిట్ట కాపురం ఉంటోంది. ఎండిన చెట్టు ఎందుకు, కొట్టేద్దాం అని కొందరు అంటున్నారు. దాని కింద దారి లేదు, ఇల్లు లేదు, పడినా ఎవరికీ దెబ్బ తగలదు. మనకు ఎండిన చెట్టే గానీ ఆ పిట్టకు అదే ఇల్లు. అల్మారాలో కర్ర పిట్టను దుమ్ము దులిపి దాచుకునే మనం, ఆ చెట్టును కూడా ఉండనిస్తేనే మన ఇష్టం నిజమైనదని నా అభిప్రాయం.